ఐదు గళ్లలో మా బ్యాంకు

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అత్తయ్యగారి దగ్గు కాదు, ఒక ప్రశ్నావళి. ఎంబీఏ ముగించి పరిశోధనలో చేరిన అమ్మాయి సాయంత్రం తెచ్చి ఇచ్చింది. విలీనం తరువాత బ్యాంకు ఉద్యోగుల సంతృప్తి ఆమె అంశం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు ముంబయిలోని యూనియన్ బ్యాంకులో కలిసిపోవడం గురించి నా అభిప్రాయాన్ని ఐదు గళ్లలో ఒకదాని మీద టిక్కు పెట్టి చెప్పాలట! మూడు బ్యాంకుల సిబ్బందిని ఒక్కటి చేసినప్పుడు సీనియారిటీ ఎలా లెక్కించారు, బదిలీల పరిధి ఎంత పెరిగింది అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. ఆర్టీసీ మీదా, చక్కెర కర్మాగారాల మీదా, గ్రామీణ బ్యాంకుల మీదా ఇటువంటి సిద్ధాంత గ్రంథాలు చూస్తూనే ఉన్నాను. సంస్థ పేరు మారుతుంది గానీ పట్టికలు మారవు, చివరకు ఎక్కువమంది సంతృప్తిగానే ఉన్నారని తేలుతుంది.

విలీనమైన కొత్తలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి, చెమటకు మెత్తబడిన పాస్‌బుక్కును కౌంటరు అద్దం కింది సందులోంచి నా వైపు తోసి, "నా డబ్బు ఇక్కడే ఉందా తల్లీ, బొంబాయి పోయిందా?" అని అడిగింది. పాత పుస్తకమే చెల్లుతుందని చెప్పినా, నిల్వ అచ్చువేసి చూపించేదాకా ఆమె కదలలేదు. పరిశోధించవలసిన ప్రశ్న ఆమెదే: ఇక్కడి డబ్బు ఇక్కడే అప్పులుగా తిరుగుతోందా, బయటికి పోతోందా? ఒక జిల్లాలో సేకరించిన డిపాజిట్లతో పోలిస్తే అక్కడ ఇచ్చిన అప్పులెంతో సీడీ (క్రెడిట్-డిపాజిట్) రేషియో చెబుతుంది. అది 40 శాతానికి దిగువన ఉన్న జిల్లాకు ప్రత్యేక ఉపసంఘం వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది.

అయితే ఇంతవరకు రాశాక నా కోపానికే ఆధారం సరిపోవడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిష్పత్తి నూటికి పైనే ఉంది, అంటే ఇక్కడ పోగైన డిపాజిట్ల కంటే ఇచ్చిన అప్పులే ఎక్కువ. కాబట్టి డబ్బు ఎక్కడికి పోయిందని కాక, ఎవరి చేతికి వచ్చిందని అడగాలేమో. బంగారం తాకట్టు పెట్టి పంట రుణం తీసుకున్న రైతుకు ఎంత, పది మందికి పని కల్పించే చిన్న పరిశ్రమకు ఎంత? ప్రధాన కార్యాలయం హైదరాబాదు సైఫాబాదులో ఉన్నప్పుడు ఆ పరిశ్రమ దరఖాస్తుకు ఎన్నాళ్లు పట్టేది, ముంబయికి మారాక ఎన్నాళ్లు పడుతోంది? రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ నివేదికల్లో జిల్లాలవారీ లెక్కలు దొరుకుతాయి. దరఖాస్తుల గడువు మాత్రం శాఖల్లో కూర్చుని అడిగి తెలుసుకోవలసిందే.

ముసలమ్మ మాట చెప్పగానే ఆ అమ్మాయి నోటుపుస్తకం తీసి రాసుకుంది. నాకు చాలా సంతోషం కలిగింది. గైడుగారు ఒప్పుకుంటారో లేదో. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆమోదం పొందాక అంశం మార్చుకోవడం ఎంత కష్టమో మా పెద్దమ్మాయి విషయంలో చూశాం కదా.