చెరువుగట్టు చెప్పించిన జవాబు

అమలాపురం నుంచి చించినాడ వంతెన మీదుగా భీమవరానికి, రొయ్యల సాగు సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజున, ఇస్త్రీ చొక్కా, ఫైలు నిండా సర్టిఫికెట్లు ఉంటే చాలునని నమ్మాను. అధికారి ఆ ఫైలు తెరవనైనా లేదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుందని అడిగారు. రాత్రిపూట కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయినా రొయ్యలూ నాచూ సూక్ష్మజీవులూ శ్వాసిస్తూనే ఉంటాయనీ, ఆక్సిజన్ లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గకుండా, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలనీ, మా చిన్నాన్న చెరువుగట్టున కళ్ళారా చూసినదాన్నే చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఉద్యోగం వెతుక్కునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, శుభ్రమైన దుస్తులు, అరగంట ముందే చేరుకోవడం అవసరమే. అయితే ఆ సంస్థ చేసే పనిలో మీరు స్వయంగా చూసిన ఒక్క విషయాన్నైనా (మన ఊళ్ళలో దానికి కొదవ లేదు) సొంత మాటల్లో చెప్పగలిగేలా సిద్ధపడండి. తెలియనిది దాచకండి కూడా: ఆ ఇంటర్వ్యూలో రొయ్యల మేత లెక్కలు నాకు తెలియవని ఒప్పుకుంటే, నేర్పుతామన్నారు.