గడప తొక్కేవాళ్లు లేరు

చెన్నై, మంగళవారం. సాయంత్రం నుంచి వాన.

మనిషి గడప దాటుతుంటే దానికి తగ్గ శబ్దం వినిపించే అమరిక ఇది. ఈ గడప ప్లాన్‌లో మొదటి తప్పు పొద్దున్నే బయటపడింది. కొయ్య గడప కింద బరువు సెన్సర్లు పెడితే చాలు, కాలు పడగానే శబ్దం వస్తుందన్నది లెక్క. పక్క వాటా మామ్మగారిని దాటి చూపించమంటే, కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, కిందకి చూడనైనా చూడకుండా కాలెత్తి అవతల వేశారు. సెన్సర్‌లో సున్నా. "గడప తొక్కుతారటండీ ఎవరైనా?" అని పైగా. నిజమే, పసుపు రాసి బొట్టు పెట్టే చెక్క. ఎంత ఎత్తు ఎత్తాలో కాలికే తెలుసు. కర్ర అలవాటయ్యాక గుడ్డివాడి స్పర్శ దాని కొసకి చేరుతుందని ఫ్రెంచ్ తత్వవేత్త మెర్లో-పాంటీ 1945లో రాసిందీ ఇలాంటి అలవాటు గురించే.

కాబట్టి సెన్సర్లు గడపకి ఇటూ అటూ. మూడడుగుల చదరం పలకలు రెండు, 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, మధ్యలో కుంగకుండా అడుగున చట్రం. మామూలు ప్లై ఈ ఊరి తేమకి ఉబ్బి గడపకి ఒరుసుకుంటే, బరువులో కొంత గడపే మోసేస్తుంది. చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. పలక నాలుగు మూలలా 50 కిలోల లోడ్ సెల్స్ (బరువు సెన్సర్లు), వాటి సిగ్నల్‌ని అంకెలుగా మార్చడానికి పలకకో హెచ్‌ఎక్స్711 బోర్డు, రెండింటికీ కలిపి ఒక ఈఎస్‌పీ32 (బుల్లి కంప్యూటర్ బోర్డు). అన్నీ ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ సరుకే.

లోడ్ సెల్‌ని చదునుగా చెక్కకి అంటిస్తే రీడింగ్ కదలదు. సెల్ మధ్యలో నాలికలా ఉండే రేకు వంగడానికి ఖాళీ కావాలి. లావుపాటి మనిషి మూలన నిలబడితే బరువంతా దాదాపు ఒక్క సెల్ మీదే, కనుక అతిగా వంగకుండా పక్కన ఆపుడు దిమ్మ. సెల్‌కి మూడు వైర్లు, వాటి రంగుని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టాలి: ఏ రెండింటి మధ్య రెసిస్టెన్స్ ఎక్కువో అవి చివరలు, మిగిలింది మధ్యది.

అసలు చిక్కు వేగం. హెచ్‌ఎక్స్711 బోర్డు మామూలుగా సెకనుకి 10 రీడింగులిస్తుంది, మారిన బరువుకి కుదురుకోవడానికి 400 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఈలోగా మనిషి దాటి వెళ్లిపోతాడు. వెనక వచ్చిన శబ్దం తన కాలిదని ఒంటికి అనిపించదు, ఎవరో కాలింగ్ బెల్ నొక్కినట్టుంటుంది. ఆ బోర్డు మీది చిప్ 15వ పిన్‌ని గ్రౌండ్ నుంచి విడదీసి 3.3 వోల్టులకి కలిపితే సెకనుకి 80 రీడింగులు, కుదురుకోవడం 50 మిల్లీసెకన్లు. రీడింగుల్లో తడబాటు (నాయిస్) పెరుగుతుంది, భరించాలి.

లోపలి పలక బరువుని రెండింటి మొత్తంతో భాగిస్తే, సున్నా బయట, ఒకటి లోపల. పిల్లాడికైనా పెద్దాయనకైనా అదే కొలత; ఎవరి కిలోలూ తెర మీద కనపడకూడదు. మొత్తం 5 కిలోల లోపుంటే లెక్క ఆపాలి, లేదంటే ఖాళీ పలకలే కూతలు పెడతాయి. ఖాళీ పలక రీడింగుని సున్నాకి తెచ్చే సర్దుబాటూ అప్పుడే. కదలకుండా నిలబడ్డ మనిషి మీద సర్దితే అతను మెల్లగా మాయమైపోతాడు.

0.3 నుంచి 0.7 దాకా, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పాలవాడితో లెక్క తేల్చుకునేవాళ్లు, "వెళ్లొస్తాం" అని అరగంట నిలబడే చుట్టాలు ఉండేది అక్కడే. బయట వీధి చప్పుడు, లోపల కుక్కర్ విజిల్, అక్కడ రెండూ కలిసి చిక్కబడాలి.

చక్రాల కుర్చీకి రెండంగుళాల గడపా గోడే. పలకల ముందు ర్యాంపు, గడప ఊడదీసే వీలు ఉండాలి. తీసినప్పుడు ఆ చోట పసుపు గీత. గీతని జనం దాటుతారో తొక్కుతారో రేపు మామ్మగారితోనే చూడాలి.