కడుపునొప్పి పేరుతో వచ్చే డిప్రెషన్

11 ఏళ్ల వయసులో నాకొచ్చిన జబ్బుకి చాలా పేర్లు పెట్టారు. బద్ధకం, మొండితనం, బడి ఎగ్గొట్టే ఎత్తు, అజీర్తి. డిప్రెషన్ అన్న పేరు అన్నిటికన్నా చివర వచ్చింది. అందుకు ఎవరినీ తప్పుపట్టను, ఆ వయసులో అది దిగులులా కనబడదు. "బాధగా ఉందా?" అంటే లేదనే చెప్పేదాన్ని, అది అబద్ధమూ కాదు. నాకు తెలిసింది విసుగొక్కటే. చెంచా కిందపడ్డ చప్పుడుకి కూడా ఒళ్లు మండేది.

మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 గ్రంథంలో ఈ జబ్బుకి 9 లక్షణాలు రాసి ఉన్నాయి: దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి లేదా బరువులో మార్పు, నిద్రలో మార్పు, కదలికలు మందగించడం లేదా ఒకచోట నిలవలేకపోవడం, నిస్సత్తువ, ఎందుకూ పనికిరానన్న భావం, ఏకాగ్రత లేకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం 5 లక్షణాలు 2 వారాలపాటు ఉండాలి, మొదటి రెంటిలో ఒకటి తప్పనిసరి. పిల్లల దగ్గరికొచ్చేసరికి రెండు సవరణలు ఉన్నాయి. దిగులు బదులు చిరాకు ఉన్నా లెక్కలోకి వస్తుంది. బరువు తగ్గకపోయినా, పెరిగే వయసులో పెరగాల్సినంత పెరగకపోతే అదీ లక్షణమే.

ఆ లెక్క డాక్టరు చూసుకుంటారు. ఇంట్లో చూడాల్సింది ఆట. నా అనుభవంలో ముందుగా పోయేది అదే. బొమ్మల పెట్టె మూత తెరుచుకోదు, సైకిల్ మీద దుమ్ము పేరుకుంటుంది, స్నేహితులు పిలిస్తే "తర్వాత వస్తా" అన్న జవాబు రోజూ వినబడుతుంది. మార్కులు మాత్రం చాలా మందిలో కొంతకాలం నిలబడతాయి. చదువు అలవాటు మీదైనా నడుస్తుంది, ఆటకి మనసు కావాలి. మార్కులు పడిపోయేదాకా ఆగినవాళ్లు చాలా నెలలు పోగొట్టుకున్నట్టే.

తలనొప్పి, కడుపునొప్పి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఆ నొప్పి నటన కాదు, పిల్లకి నిజంగానే నొప్పి పుడుతుంది. బడి ఉన్న రోజే వచ్చి, సెలవు రోజు మాయమైతే బడిలో ఏదో భయమో ఏడిపింపో ఉందేమో వెతకాలి. సెలవు రోజూ వస్తూ, ఇష్టమైన పనికి కూడా అడ్డుపడుతుంటే డిప్రెషన్ని అనుమానించాలి. రెండూ కలిసి ఉండటమూ మామూలే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రోజూ ఒక నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయండి: పడుకున్న, లేచిన వేళలు, ఎంత తిన్నదీ, ఎంతసేపు ఆడిందీ, ఎక్కడ నొప్పి అన్నదీ. పిల్ల అన్న మాటల్ని ఉన్నదున్నట్టు రాయాలి. "నిరాశగా ఉంటోంది" అన్న మీ మాట కన్నా "నేను లేకపోతే మీకే హాయి" అన్న తన మాట డాక్టరుకి ఎక్కువ చెబుతుంది. అలాంటి మాట వినబడితే మాత్రం నోటుబుక్కు నిండేదాకా ఆగొద్దు, ఆ రోజే చూపించాలి.

మొదట పిల్లల డాక్టరే చాలు. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాగే నీరసపరుస్తాయి కాబట్టి రక్తపరీక్ష చేయిస్తారు. స్టెరాయిడ్ లాంటి మందులేవైనా వాడుతుంటే చెప్పండి. కుటుంబంలో ఎవరికైనా బైపోలార్ జబ్బు (దిగులూ అతి హుషారూ మార్చిమార్చి వచ్చేది) ఉంటే అది దాచకూడదు, వాడే మందు దాన్నిబట్టి మారుతుంది. కౌమార వయసు పిల్లలకి పీహెచ్‌క్యూ-ఎ అనే ప్రశ్నల కాగితం ఇస్తారు. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వివరంగా పరీక్షించాలి. అది థర్మామీటరు లాంటిది, జ్వరం ఉందంటుంది గానీ ఏ జ్వరమో చెప్పదు. 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం తక్కువే వచ్చినా అక్కడ సున్నా కాకపోతే ఆ రోజే మాట్లాడాలి.

ఆ మాట అడగడానికే పెద్దవాళ్లు జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా, గొంతు పెంచకుండా అడగండి. అవునంటే, ఎలా అని ఆలోచించిందేమో కూడా అడగాలి. ఒంటరిగా వదలకూడదు, మాత్రలు, బ్లేళ్లు, పురుగుమందులు ఇంట్లోంచి తీసేయాలి లేదా తాళం వేయాలి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగతా మాటలకి ఎదురెదురుగా కూర్చోబెట్టడం పనికిరాదు. పక్కపక్కన నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో మాట్లాడితే నోరు పెగులుతుంది. "ఎందుకిలా ఉన్నావు?" అని మాత్రం అడగొద్దు. ఎందుకో తెలియదు కాబట్టి ఏదో ఒక కారణం అల్లి చెబుతాం, తర్వాత ఇల్లంతా ఆ కారణం వెంట పరుగెడుతుంది.

చికిత్సలో మొదటిది మాటల చికిత్స. అందులో ఆలోచనల్నీ అలవాట్లనీ సరిదిద్దే పద్ధతిని సీబీటీ అంటారు, సాధారణంగా వారానికొకసారి, 12 నుంచి 16 సార్లు. అందులో నాకు బాగా పనిచేసింది అన్నిటికన్నా చిన్న భాగం: మనసు బాగుపడేదాకా ఆగకుండా, 10 నిమిషాల పని ఒకటి వేళ పెట్టుకుని చేయడం, చేశాక ఎలా ఉందో అంకె వేయడం. గంట పెట్టుకుంటే విఫలమవుతాం, విఫలమైతే "చూశావా, నా వల్ల కాదు" అన్న రుజువు ఇంకొకటి దొరుకుతుంది.

జబ్బు కాస్త తీవ్రమైతే మందు అవసరం. 8 ఏళ్లు దాటిన పిల్లల డిప్రెషన్‌కి అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించినది ఫ్లూఆక్సెటిన్. 12 నుంచి 17 ఏళ్ల 439 మందితో జరిగి 2004లో వెలువడిన టాడ్స్ అధ్యయనంలో, 12 వారాలకి మందూ మాటల చికిత్సా కలిపి తీసుకున్నవాళ్లలో 71 శాతం మెరుగుపడ్డారు. మందొక్కటే అయితే 61, సీబీటీ ఒక్కటే అయితే 43, మందు లేని ఉత్తుత్తి మాత్రతో 35. అదే ఏడాది ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా వచ్చింది: పరీక్షల్లో ఇలాంటి మందులు వాడిన పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో 4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 2 శాతం మందికి కనబడ్డాయి. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. అందుకే మొదటి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ కాపు కాయాలి. నిద్రలేకుండా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా, ఉన్నట్టుండి అతి హుషారు వచ్చినా మందు మీరే ఆపేయకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి.

గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అదీ వరుస తప్పి వస్తుంది. ముందు నిద్ర, తిండి, ఒంట్లో సత్తువ. మనసు తేలికపడటం ఆ తర్వాతెప్పుడో. సత్తువ వచ్చి ఆశ ఇంకా రాని ఆ మధ్య వారాల్ని ఇంట్లోవాళ్లు "బాగయిపోయింది" అనుకుంటారు, నిఘా సడలిస్తారు. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది అప్పుడే.

బడికి ఒక్కసారిగా పూర్తి రోజు పంపొద్దు. మొదటి వారం రెండు పీరియడ్లు, తర్వాత సగం రోజు. పాత హోంవర్కు మొత్తం పూర్తిచేయమంటే మళ్లీ మంచం ఎక్కుతుంది, దాన్ని మాఫీ చేయించండి. నిద్రలేచే వేళ మాత్రం సెలవు రోజైనా మారకూడదు.

బాగయ్యాక కూడా మందు 6 నుంచి 12 నెలలు సాగాలి. నవ్వింది కదా అని మూడో నెలలో మానేయడం వల్ల తిరగబెట్టిన జబ్బులెన్నో. మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించాలి, పరీక్షల ముందో, బడి మారే నెలలోనో అది మొదలుపెట్టకూడదు.