మా ఇంట్లో ఓటున్నది ఒక్కరికే

మా ఇంట్లో నలుగురం. ఓటున్నది మాత్రం పెద్దమ్మాయికి ఒక్కదానికే. చిన్నవాడికి ఇంకా వయసు రాలేదు, మా ఇద్దరికీ పౌరసత్వం సంగతి అటుంచి, గ్రీన్ కార్డే రాలేదు. మనవాళ్ల లైను ఎంత పొడుగో వేరే చెప్పక్కర్లేదు. మావారు డాక్టరు. ట్రైనింగ్ అయ్యాక ఇండియాకి వెనక్కి వెళ్లకుండా ఇక్కడే ఉండాలంటే, డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాలి. కాన్రాడ్ వేవర్ అనే ఆ వెసులుబాటు మీదే అమెరికాలోని అయోవా రాష్ట్రం ఈశాన్య మూలకి వచ్చాం. మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి. పిల్లలు బడికి అలవాటు పడ్డారు, మేమూ ఉండిపోయాం.

చుట్టూ మొక్కజొన్న, సోయా, పందుల షెడ్లు. మా పక్కదే హోవర్డ్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. జనం 9 వేల పైచిలుకు. మన దేశానికి కొత్త గోధుమ వంగడాలు అందించిన నార్మన్ బోర్లాగ్ పుట్టిన నేల అది. ఎన్నికల్లో దానికి ఇంకో పేరు వచ్చింది. 2012లో ఒబామాకి 20 శాతానికి పైగా మెజారిటీ ఇచ్చి, 2016లో ట్రంప్‌కీ అలాగే 20 శాతం పైనే ఇచ్చింది. అమెరికా మొత్తంలో ఇంత తేడాతో తిరగబడిన కౌంటీ అదొక్కటే. అయోవాలోని 99 కౌంటీల్లో ఒబామా నుంచి ట్రంప్‌కి మారినవి 31. మాదీ అందులోదే. మళ్లీ వెనక్కి రాలేదు.

నేను పెరిగింది గుంటూరు జిల్లాలో. మా ఊళ్లో ఏ ఇల్లు ఏ పార్టీదో చిన్నపిల్లల్ని అడిగినా చెప్పేవాళ్లు. పార్టీ మారితే పెళ్లి పిలుపులు కూడా మారేవి. ఇక్కడ మా పక్కింటి పెద్దాయన రెండుసార్లు ఒబామాకి వేశాడు, ఆ తర్వాత ప్రతిసారీ ట్రంప్‌కే. ఏదీ దాచుకోడు. పైవాళ్లకి మా ఊళ్లు గుర్తుండవు, మారుస్తానన్నవాడికి వేస్తాను అంటాడు. మంచు పడిన పొద్దున మేం లేచేసరికి మా డ్రైవ్‌వే శుభ్రం చేసి వెళ్లిపోయి ఉంటాడు.

2020లో ఆయన ఇంటి ముందు ట్రంప్ బోర్డు చూసి, "వలస వచ్చినవాళ్లని అలా తిట్టేవాడికి ఓటేసి, మన ఇంటి మంచు ఎందుకు తీస్తున్నాడమ్మా?" అని అడిగింది అమ్మాయి. వెళ్లి ఆయన్నే అడగమన్నాను. అడిగింది కూడా. గరాజ్‌లో నిలబడి చాలాసేపు వాదించుకున్నారు, ఇద్దరిలో ఎవరూ మారలేదు. మావారికి మాత్రం టెన్షన్. "చిన్న ఊరు, అందరూ నా పేషెంట్లే, వీసా మీద ఉన్నాం, మనకెందుకు ఈ గొడవ?" అంటారు. ఆ భయం మాది. ఇక్కడే పుట్టిన పిల్ల మీద దాన్ని రుద్దొద్దని నేనంటాను. ఈ విషయంలో మాకు ఇప్పటికీ పడదు.

అయోవాలో 17 ఏళ్లకే పోలింగ్ కేంద్రంలో పనిచేయొచ్చు. 2023 నవంబరులో అమ్మాయి వెళ్లింది. అవి సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికలు. వాటిని బేసి సంవత్సరాల్లో పెడతారు. "రోజంతా పక్కనున్న బామ్మగారితో కుకీలు తింటూ కూర్చున్నానమ్మా, జనమే లేరు" అంది. మా బడికి కొత్త గదులు కట్టడానికి అప్పు తెచ్చే బాండ్ కూడా అప్పుడే ఓటుకి వచ్చింది. ఇక్కడ స్కూల్ బాండ్ గెలవాలంటే సగం చాలదు, 60 శాతం రావాలి. రాలేదు. పొలం మీద పన్ను పెరుగుతుందని రైతులు వచ్చి వద్దని వేశారు. వందల ఎకరాలున్నవాడికి ఆ పన్ను చిన్నదేం కాదు, వాళ్ల లెక్క వాళ్లది. నాకు మండింది పిల్లలున్న తల్లిదండ్రుల మీద. ప్రెసిడెంటు ఎన్నిక రోజున లైన్లో నిలబడేవాళ్లే, తమ పిల్లల బడి దగ్గరికి వచ్చేసరికి మంగళవారం, సెలవు లేదు, పనుంది అన్నారు. పన్ను మేమూ కడుతున్నాం, వేద్దామంటే ఓటు లేదు.

ఆర్నెల్లు తిరగ్గానే, 2024 మే 13న ఆంధ్రాలో ఓట్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు కిక్కిరిసిపోయింది. రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఎండలో వెళ్లి ఓటేసి, వీడియో కాల్‌లో మనవరాలికి వేలి మీద సిరా చూపించింది.

"ఎవరు నిలబడ్డారు అమ్మమ్మా?"

"ఎవరైతే ఏంటే, గుర్తు తెలుసుగా!"

పిల్లకి మా అమ్మ పట్టుదల రావాలి, గుర్తు చూసి గుద్దే అలవాటు మాత్రం రాకూడదు. ఆ రెండూ విడదీసి ఎలా నేర్పాలో ఆలోచిస్తుండగానే నవంబరు వచ్చింది.

తొలి ఓటుకి ముందు నమూనా బ్యాలెట్ ముందేసుకుని కూర్చుంది. ప్రెసిడెంటు, కాంగ్రెస్ అయ్యాక షెరీఫ్, కౌంటీ ఆస్పత్రి ట్రస్టీలు, నేల-నీటి సంరక్షణ కమిషనర్లు, వ్యవసాయ విస్తరణ మండలి. ఆ తర్వాత జడ్జీలు, వాళ్లని ఉంచాలా వద్దా అని. ఉత్తుత్తి ప్రశ్న కాదది. స్వలింగ వివాహాలని ఒప్పుకున్న తీర్పు మీద కోపంతో 2010లో ముగ్గురు అయోవా సుప్రీం కోర్టు జడ్జీలని ఈ రాష్ట్రం ఇంటికి పంపింది. "నాన్నా, నీ ఆస్పత్రి బాసుల్ని నేనే పెడుతున్నా, జాగ్రత్త!" అని వాళ్ల నాన్నని ఆట పట్టించింది. నేల-నీటి కమిషనర్ల దగ్గర ఆగిపోయి పక్కింటాయనకి ఫోన్ చేసింది. నేల కొట్టుకుపోకుండా కవర్ క్రాప్ ఎవరు వేస్తారు, ఎవరి పొలం నుంచి ఎరువుల నైట్రేట్ వాగులోకి పోతుంది అన్నీ చెప్పాడట. ఆ పదవులకి ఆయన చెప్పినవాళ్లకే వేసింది. పైన ప్రెసిడెంటు దగ్గర మాత్రం ఆయనకి పూర్తిగా వ్యతిరేకం.

ఇప్పుడు కాలేజీకి వెళ్లింది. ఓటు అక్కడికి మార్చుకో, నీ వయసువాళ్లుంటారు అంటారు వాళ్ల నాన్న. ఇక్కడే ఉంచుకో, ఈ ఊరి ఎన్నికల్లో ఒక్క ఓటు కూడా బరువే అంటాను నేను. ప్రస్తుతానికి ఇక్కడే ఉంచింది. స్కూల్ బాండ్ మళ్లీ పెడతారంటున్నారు. ఊళ్లో లేనివాళ్లు ముందే వేసే ఆబ్సెంటీ బ్యాలెట్ ఎన్నికల రోజు రాత్రి 8 లోపు, ఎన్నికలు చూసే కౌంటీ ఆడిటర్ ఆఫీసుకి చేరాలి. పోస్టుని నమ్మను, ఎన్నికలకి ముందొచ్చే శనాదివారాల్లో ఇంటికొచ్చి అప్పుడే ఇచ్చేస్తానంటోంది. ఆఫీసు శుక్రవారం సాయంత్రమే మూసేస్తారని, గురువారమే బయల్దేరమని చెప్పాను. బట్టలు ఉతుక్కోవడానికి ఎలాగూ రావాలిగా.