కువైట్‌లో ఉన్న అమ్మకు తెలిసినంత

రాజోలు దగ్గర మా ఊళ్ళో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. లెక్క తప్పితే కొందరు ఒక గీత కొట్టి కింద మళ్ళీ చేస్తారు. కొందరైతే పేజీయే చింపేస్తారు. నాకు కావలసింది ఆ తప్పు స్టెప్పే! అది కనబడితేనే కదా ఎక్కడ దారి తప్పాడో తెలిసేది. చింపేసేవాళ్ళు డౌట్లు కూడా అడగరు. "అర్థమైందా?" అంటే "ఆయ్, అర్థమైందండి" అనేస్తారు.

అలా చింపే ఒక అబ్బాయి వాళ్ళ నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తారు. మంచి మనిషి. కొడుకును ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వెయ్యాలని ఎప్పుడో నిర్ణయించేశారు. రోజూ వాడి ఫోన్ చూస్తారు. ట్యూషన్ నుంచి ఎన్నింటికి బయల్దేరాడో నాకు ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు. ఇంత చేసినా, స్కూల్లో తోటిపిల్లలు ఏడిపిస్తుంటే కొడుకు మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తింటున్నాడని ఆయనకు తెలీదు. నాకూ వాడి క్లాసు అమ్మాయి చెబితేనే తెలిసింది.

ఆ అమ్మాయి తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. కోనసీమలో ఇదేం కొత్త కాదు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మనకు రాత్రి పదిన్నరైతే అక్కడ ఎనిమిది, అప్పుడు వీడియో కాల్. కూతురి స్నేహితులెవరో, ఏ టీచరు ఎందుకు కోప్పడ్డారో, స్కూల్లో పెట్టే ఎఫ్‌ఏ పరీక్షలో ఎన్ని మార్కులు పోయాయో ఆ తల్లికి అన్నీ తెలుసు. గారాబం అనుకునేరు! పరీక్షలయ్యేదాకా సొంత ఫోన్ లేదంటే లేదంతే. కాకపోతే ఎందుకో చెప్పింది, పిల్ల వాదిస్తే వింది. "నీ కోసమే ఇంత దూరం వచ్చి చస్తున్నా" అని మాత్రం ఎప్పుడూ అనలేదట. ఆ మాట అనే హక్కు ఎవరికైనా ఉందంటే ఆవిడకే ఉంది.

కట్టడీ ఆప్యాయతా రెండూ ఉన్న పెంపకం గురించి 1960లలో డయానా బామ్రిండ్ అనే మనస్తత్వవేత్త చెప్పింది బీఈడీలో పరీక్ష కోసం బట్టీ పట్టాను. నాకు బాగా పట్టుకున్నది మాత్రం తర్వాత చదివిన మరో సంగతి. స్టాటిన్, కెర్ అనే ఇద్దరు స్వీడన్‌లో పద్నాలుగేళ్ళ పిల్లల మీద చేసిన పరిశోధన 2000లో వచ్చింది. తల్లిదండ్రులకు పిల్లల గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆరాలు తీస్తేనో ఆంక్షలు పెడితేనో వచ్చింది కాదట, పిల్లలు తమంతట తాము చెప్పిందట. హాయిగా ఉన్న పిల్లలే చెబుతారేమో అంటే, అదీ కాదనలేం. కానీ చెప్పిన ప్రతిసారీ క్లాసు పీకించుకున్న పిల్లాడు రెండోసారి ఎందుకు చెబుతాడు?

అబ్బాయిని అడిగి, వాడు సరేనన్నాకే వాళ్ళ నాన్నగారికి విషయం చెప్పాను. ఆయన వెంటనే స్కూలుకెళ్ళి తేల్చేస్తానన్నారు. ఆగమన్నాను. ముందు నేను వాళ్ళ క్లాస్ టీచరుతో మాట్లాడతాను, మీరు సాయంత్రం మేత వేసేటప్పుడు వాణ్ణి చెరువు దగ్గరికి తీసుకెళ్ళండి, మార్కుల ఊసెత్తకండి అన్నాను.

"ఊసెత్తకపోతే తీసుకెళ్ళి ఏం లాభమండి?" అన్నారు.

అయినా తీసుకెళ్తున్నారు. వాడికిప్పుడు చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూడటం వచ్చు. ఇద్దరూ చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్ల గురించీ కరెంటు గురించీ మాట్లాడుకుంటున్నారట. స్కూలు సంగతి వాడింకా నోరు విప్పి చెప్పలేదు. ఆయనా ఫోన్ చూడటం ఇంకా మానలేదు.