రెండు పంపులు, నాలుగు ట్యాంకులు

ల్యాబ్‌లో నాలుగు ట్యాంకుల (పైన రెండు, కింద రెండు) సెటప్‌తో మూడు రోజులు కుస్తీ పట్టాను. ఉన్నవి రెండు పంపులు. కింది రెండు ట్యాంకుల్లో నీటిమట్టం నిలబెట్టాలి, అంతే. ఒక్కో లూప్‌ను, అంటే ఒక మట్టాన్ని చూసి ఒక పంపును సరిచేసే కంట్రోల్‌ను, విడిగా ట్యూన్ చేస్తే బుద్ధిగానే ఉంది. రెండూ కలిపి ఆన్ చేయగానే ఒక మట్టం పైకి, ఇంకోటి కిందికి, చివరికి నీళ్లు నేల మీదికి! తుడిచే గుడ్డ నా చేతికే ఇచ్చారు.

వాల్వులు చూస్తే, ఒక్కో పంపు నీటిలో 40 శాతమే దాని కింది ట్యాంకుకు వెళ్తోంది. మిగతా 60 శాతం పై ట్యాంకు మీదుగా అవతలి కింది ట్యాంకుకి. 1966లో ఎడ్గర్ బ్రిస్టల్ చెప్పిన రిలేటివ్ గెయిన్ (ఇంకో లూప్ ఆన్ అయితే ఒక పంపు ప్రభావం ఎంత మారుతుందో చెప్పే అంకె) లెక్క వేస్తే మైనస్ 0.8 వచ్చింది. మైనస్ అంటే ఇంకో లూప్ ఆన్ అవగానే ఆ ప్రభావం తలకిందులవుతుంది, అంటే ఏ పంపుకి ఏ మట్టం అన్న జతలే తప్పు! కాగితం మీద రెండు నిమిషాల పని, మొదటి రోజే చేయాల్సింది.

జతలు మార్చాక దారికొచ్చాయి. కాకపోతే నత్తనడక, నీళ్లు పై ట్యాంకు చుట్టి రావాలి కదా.