పడవలు బాగుచేసే చేతుల్లో నా స్టార్మ్

ఈ పాత సాన్ స్టార్మ్ కారు కొన్న రోజే ఆర్‌సీ మీద తేదీ చూసుకున్నాను. 2009 మే రిజిస్ట్రేషన్. అంటే 2024 మేకి పదిహేనేళ్లు నిండుతాయి. ఆలోపు బండిని ఫిట్‌నెస్‌కి సిద్ధం చేసి, ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించాలి. చేతిలో ఉన్నది ఆరు నెలలు. బండేమో విశాఖలో బీచ్‌కి దగ్గరున్న ఒక ఇంటి షెడ్డులో నాలుగేళ్లుగా కదల్లేదు. ట్రాలీ మీద ఎక్కించి విజయనగరం తెచ్చాను.

సాన్ స్టార్మ్ తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. గోవాలో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజన్, 60 హెచ్‌పీ. ఆ పవర్ ఈ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కారుకీ ఉంటుంది. అయితే దీని బాడీ మొత్తం ఫైబర్, అంటే గాజు నార, రెజిన్ కలిపి చేసింది; బరువు తక్కువ, కూర్చుంటే నేల చేతికి అందేంత కిందికి ఉంటాం. అరవైలో వెళ్తున్నా రోడ్డు మీద ప్రతి మలుపూ స్టీరింగ్‌లో తెలుస్తుంది. కాలేజీ రోజుల్లో బీచ్ రోడ్డులో ఎర్రది ఒకటి చూశాను. అప్పటి నుంచీ మనసులో ఉండిపోయింది.

ముందు ద్రవాల పని. ట్యాంకులో పాత పెట్రోలు తీసి పారబోశాం. ఇప్పుడు మన పెట్రోల్లో ఇథనాల్ బాగా కలుస్తోంది, పాత రబ్బరు పైపులకి అది పడదు. ఉన్న పైపుని వేళ్లతో వంచితే సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి. అన్నీ తీసేసి ఇథనాల్ తట్టుకునే, ఎస్ఏఈ జె30 ఆర్9 ప్రమాణం ఉన్న పైపులు వేశాను. బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి అది మరిగిందంటే పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది. అందుకే కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి మార్చాలి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, ట్యూబులో తేటగా కొత్త ఆయిల్ వచ్చేదాకా తీశాం.

టైర్లకి గాడి బాగానే ఉందని అమ్మినాయన అన్నారు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు చూస్తే 2314. అంటే 2014లో ఇరవై మూడో వారం తయారీ. గోరుతో గుచ్చితే రబ్బరు రాయిలా ఉంది. నాలుగూ మార్చాను. ఇంజన్ వాల్వుల్ని వేళకి నడిపే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు వేశారో ఎక్కడా రాసి లేదు, రాసి లేదంటే మార్చాల్సిందే. ఇదే ఇంజన్ యూరప్‌లో ట్వింగో, క్లియో కార్లకి వాడారు కాబట్టి కిట్ బయటి నుంచి తెప్పించుకోగలిగాను. నెల పట్టింది.

అసలు పరీక్ష కరెంటు దగ్గర ఎదురైంది. హెడ్‌లైట్ వేసి ఇండికేటర్ వేస్తే, ఇండికేటర్‌తో పాటు హెడ్‌లైట్ కూడా మినుకుమినుకుమనేది. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు చూశారు. ఒకరు బ్యాటరీ అన్నారు, ఇంకొకరు ఆల్టర్నేటర్ అన్నారు. రెండూ బాగానే ఉన్నాయి. ఒక ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని నేనే కూర్చున్నాను.

ఇనప కారులో ప్రతి బల్బుకీ బాడీయే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగివెళ్లే దారి. ఫైబర్‌లో కరెంటు పారదు. కాబట్టి ప్రతి బల్బుకీ నెగటివ్ వైరు విడిగా వస్తుంది. ఆ వైర్లన్నీ కలిసే బోల్టు దగ్గర తుప్పు పడితే ఒక బల్బు కరెంటు ఇంకో బల్బు దారిలో దూరుతుంది. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస బల్బు ఎర్త్ పిన్ను మీద పెట్టి, హెడ్‌లైట్ వేసి చూడాలి. 0.2 వోల్టులు దాటకూడదు. నాకు 1.4 చూపించింది.

ఎడమ హెడ్‌లైట్ వెనక చెయ్యి దూర్చి ఆ బోల్టు విప్పాను. ఐదు వైర్ల కొసల రింగులు ఒకదానికొకటి అతుక్కుని, వాటి చుట్టూ పచ్చటి పొడి. ఒక వైరు తొడుగు చీల్చితే లోపల రాగి రెండంగుళాల మేర బొగ్గులా నల్లబడింది. సముద్రపు గాలి తొడుగు లోపలికంటా పాకిందన్నమాట. నల్లదనం పోయేదాకా కత్తిరించి, తగరం పూత ఉన్న రాగి తీగ అతికి, వేడికి ముడుచుకుని పట్టేసే జిగురున్న గొట్టం (హీట్ ష్రింక్) తొడిగి, కొత్త రింగులు వేసి, బిగించాక పైన వాజలీన్ రాశాను. ఇండికేటర్ వేశాను. హెడ్‌లైట్ నిలకడగా వెలిగింది. రాత్రి పది దాటినా ఇంట్లో అందర్నీ బయటికి పిలిచి చూపించాను.

బాడీ పగుళ్ల సంగతి ఇంకోలా తేలింది. ముందు కుడి చక్రం పైన జానెడు పగులు ఉండేది. ఇంతకుముందు ఎవరో పుట్టీ పెట్టి రంగు కొట్టించారు, అది మళ్లీ విచ్చుకుంది. టౌన్లో టింకరింగ్ వాళ్లు రేకు మీద గొప్పగా పనిచేస్తారు కానీ ఫైబర్ అనేసరికి వెనక్కి తగ్గారు. మా వీధికి సముద్రం ఒడ్డునున్న చింతపల్లి నుంచి చేపలు తెచ్చే అత్త ఆ మాట విని, "ఫైబర్ బోటు పగిల్తే మావోళ్లు అతకరేటి బావూ? ఇదీ అలాటిదే కదా?" అంది. ఆ ఆలోచన నాకు రానేలేదు.

మర్నాడు బండి తీసుకుని వెళ్లాను. ఒడ్డున తాటాకు పందిరి కింద బోట్లు బాగుచేసే తాత, కారు చుట్టూ ఒకసారి తిరిగి, పగులు పైన చూడనే లేదు. చక్రం పక్కన పడుకుని లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమాడు.

"ఏటి బావూ, పైన పూసీసినారు. లోపల చూసినారా ఎవులైనా? పడవకి ఇలగ చేస్తే దరికొస్తామా?"

పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేశాడు, ఇక ముందుకి పాకకుండా. లోపలి నుంచి గ్రైండర్‌తో ఏటవాలుగా చెక్కి, తడి ఆరేదాకా ఎండలో ఉంచాడు. ప్లాస్టిక్ మగ్గులో రెజిన్ పోసి హార్డెనర్ చుక్కలు లెక్కపెట్టి వేశాడు. ఎండలో తక్కువ వెయ్యాలట, లేకపోతే బ్రష్ ముంచేలోపే గట్టిపడిపోతుంది. మగ్గు నా చేతికిచ్చాడు, గోరువెచ్చగా తగిలింది. గాజు మ్యాట్ ముక్క పెట్టి, రోలర్‌తో తెల్లటి గాలి బుడగలు పోయి మ్యాట్ నీళ్లలా పారదర్శకం అయ్యేదాకా నొక్కాడు. అలా మూడు పొరలు, ఒకదానికంటే ఒకటి కాస్త పెద్దవి. పైవైపు పని ఆఖర్న, పల్చగా. ఏడాది దాటింది, ఆ చోట గీత కూడా లేదు.

టాపు పనికి ఇక కారు షాపుల చుట్టూ తిరగలేదు, నేరుగా ఆటో టాపులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. పాత టాపు కుట్లు విప్పి, అదే కొలతగా పరిచి సుద్దతో గీశాడు. పై ముక్క కింది ముక్క మీదికి వచ్చేలా, ఇంటి పెంకుల వరసలో మడత వేసి కుట్టాడు. ఎండకీ వానకీ నూలు దారం పాడైపోతుందని లావు పాలియెస్టర్ దారం వాడాడు. కుట్టు రంధ్రాల మీద మైనం రుద్దమని చెప్పాడు. వానాకాలంలో ఒక్క చుక్క దిగలేదు.

అప్‌గ్రేడ్లంటే చాలామంది సైలెన్సర్, వెడల్పు టైర్లు అంటారు. నేను వాటి జోలికి పోలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్పులు చేయకూడదు, పైగా నా బండి ఫిట్‌నెస్‌కి వెళ్లాల్సింది. నేను చేసిన వాటిలో అన్నిటికంటే విలువైనది హెడ్‌లైట్ రిలే, అంటే కొద్ది కరెంటుతో ఎక్కువ కరెంటుని ఆన్ చేసే స్విచ్చు. మొదట్లో ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.2 ఉండేది. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే హాలోజెన్ వెలుగు దాదాపు సగం పోతుంది. ఎర్త్ బాగుచేశాక 12.5 అయింది. మిగతా నష్టం పాత స్విచ్చులో, సన్న తీగలో. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా లావు తీగ లాగి, రిలే పెట్టాను. పాత స్విచ్చు ఇప్పుడు రిలేని మాత్రమే లాగుతుంది. బల్బు దగ్గర 13.5 వచ్చింది. ఎల్ఈడీ బల్బులు పెట్టమని చాలామంది అన్నారు. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అవి వెలుగుని చెల్లాచెదురు చేసి ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. హైవే మీద రాత్రి బైకుపై వచ్చేవాళ్ల సంగతి ఆలోచించి వద్దనుకున్నాను.

ఏప్రిల్లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ దరఖాస్తు, ఫారం 25 పెట్టాను. గడువుకి అరవై రోజుల ముందు నుంచే తీసుకుంటారు. పదిహేనేళ్లు దాటిన కారుకి అప్పుడు, 2024లో, రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు ఉండేది, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు పట్టుకుని ఉదయాన్నే వెళ్లాను. లోపల చాలా టెన్షన్. ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీయించి, లైట్లు, హారన్, వైపర్, బ్రేకు అన్నీ చూశారు. ఇండికేటర్లు వేయమన్నప్పుడు నేను హెడ్‌లైట్‌నే చూస్తూ ఉన్నాను. కదల్లేదు. సంతకం పెట్టారు.

ఆ వారమే తెల్లవారుజామున టాపు తీసి, శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం వెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి తిరిగొచ్చాక ముందు చేసిన పని, పైపుతో మంచినీళ్లు పట్టి కింద ఛాసిస్ అంతా కడగడం. బాడీ ఫైబరైనా ఛాసిస్ ఇనుమే. సముద్రం వైపు వెళ్లిన ప్రతిసారీ కడుగుతాను. పదిహేను రోజులకోసారి బండి కదిలిస్తాను, ఆర్నెల్లకోసారి ఎర్త్ బోల్టు విప్పి చూస్తాను. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద టేపు అంటించి మళ్లీ మార్చాల్సిన నెల రాసుకున్నాను. అప్పటికి తాత దగ్గరికి కూడా ఒకసారి వెళ్లాలి, వెనక బంపర్ మూల కొత్తగా ఒక వెంట్రుకంత గీత కనిపిస్తోంది.